ఎర్ర దీపం ముందు సైకిలు

1982లో అమెరికాలోని ఐడహో రాష్ట్రం తన ట్రాఫిక్ చట్టాన్ని తిరగరాసుకుంటోంది. అప్పటిదాకా అక్కడ చిన్నాచితకా ట్రాఫిక్ తప్పులు కూడా క్రిమినల్ కేసుల కిందే లెక్క. వాటిని ఆ పద్దులోంచి తీసేసి, జరిమానా కట్టించుకుని పంపేద్దామన్నది కొత్త ఆలోచన. ఆ పనిలో చేయి వేసినవాళ్ళలో రాష్ట్ర న్యాయస్థానాల పాలనాధికారి కార్ల్ బియాంకీ ఒకరు. అప్పటికి మేజిస్ట్రేట్లను విసిగిస్తున్న వాటిలో సైకిళ్ళ గొడవ ఒకటి. నాలుగు వీధులు కలిసేచోట స్టాప్ బోర్డు ఉంటుంది. చుట్టుపక్కల పురుగు కూడా ఉండదు. సైకిలు మీద వచ్చినవాడు వేగం తగ్గించి, అటూ ఇటూ చూసి, పూర్తిగా ఆగకుండానే దాటేస్తాడు. పోలీసు కేసు రాస్తాడు, ఆ కాగితం కోర్టుకెక్కుతుంది. తప్పు జరిగిందా అంటే జరిగింది. దానివల్ల ఎవరికైనా నష్టం జరిగిందా అంటే లేదు. ఇలాంటివాటితోనే కోర్టుల పొద్దు గడుస్తోంది.

ఎలాగూ చట్టం మొత్తాన్ని మారుస్తున్నారు కాబట్టి, బియాంకీ సందు చూసుకుని సైకిళ్ళ సంగతి కూడా అందులో కలిపారు. స్టాప్ బోర్డు దగ్గర సైకిలిస్టు ఆగి తీరాలన్న నియమం పోయింది. నెమ్మదించి, వచ్చేవాళ్ళకు దారిచ్చి, అడ్డం లేకపోతే సాగిపోవచ్చు. ఎర్ర దీపం దగ్గర కూడా సడలింపు ఇచ్చారు. అభ్యంతరాలు రాకపోలేదు. అయినా చట్టసభ ఆమోదించింది. అప్పటికి జనాభా పది లక్షలు కూడా లేని, బంగాళాదుంపల పంటకు తప్ప దేనికీ పెద్దగా పేరులేని ఆ రాష్ట్రం పేరుమీదే ఈ పద్ధతిని ఇవాళ ప్రపంచమంతా ‘ఐడహో స్టాప్’ అంటోంది.

సైకిలిస్టులు ఊరేగింపులు తీసి సాధించుకున్న హక్కు కాదిది. కోర్టు గుమాస్తాల పని తగ్గించడానికి పుట్టింది. కూడలిలో సైకిలు ఎలా నడుచుకోవాలో చెప్పే చట్టాల చరిత్ర తిరగేస్తే ఇదే వరస కనిపిస్తుంది. ఆ నియమాలను చాలాసార్లు మరెవరి అవసరానికో రాశారు. పెడల్ తొక్కేవాడి కాళ్ళకు ఏం కావాలో ఆలోచించినవాళ్ళు చాలా ఆలస్యంగా వచ్చారు.

సైకిలు కొత్తగా రోడ్డెక్కిన రోజుల్లో చట్టానికి అదేమిటో కూడా తెలియదు. దాన్ని గుర్రబ్బండితో సమంగా చూడాలా, మనిషి చేతిలో ఆటబొమ్మ అనుకోవాలా? ఇంగ్లండులో 1835 నాటి రహదారుల చట్టం బండ్లను ఒళ్ళు తెలియని వేగంతో తోలడం నేరమంది. అప్పటికి పెడల్ సైకిలు పుట్టనే లేదు. 1879లో అలా దూసుకుపోయిన ఒక సైకిలిస్టు కేసు పైకోర్టుకు వచ్చింది. సైకిలు కూడా ఆ చట్టం కిందికే వస్తుందని కోర్టు తేల్చింది. 1888లో స్థానిక ప్రభుత్వాల చట్టం దాన్ని ఖాయం చేస్తూ, రాత్రి దీపం ఉండాలనీ, ఎవరినైనా దాటేటప్పుడు గంటో మరొకటో మోగించాలనీ కలిపింది. శిక్ష వేయడానికి వీలుగా సైకిలుకు బండి హోదా దక్కిందన్నమాట.

అట్లాంటిక్ అవతల కథ కొంచెం వేరు. అక్కడ ఆ హోదాను కోరుకున్నది సైకిలిస్టులే. 1880లో ఏర్పడిన లీగ్ ఆఫ్ అమెరికన్ వీల్‌మెన్ రోడ్డు మీద తమకూ వాటా ఉందని పోరాడింది. గుర్రాలు బెదురుతున్నాయన్న వంకతో ఊళ్ళు సైకిళ్ళను పార్కుల్లోంచి, వంతెనల మీదనుంచి గెంటేస్తున్న కాలమది. కాన్సస్ నది మీది వంతెనపై సైకిళ్ళు తిరగకూడదని టొపీకా నగరం ఆంక్ష పెడితే, 1890లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు అది చెల్లదంది. సైకిలు కూడా వాహనమే, రోడ్డు దానిదీ అని తీర్పు. సైకిలిస్టులు సంబరపడ్డారు. బండికున్న హక్కులతోపాటు బండి మోసే బాధ్యతలన్నీ వచ్చిపడతాయని అప్పుడెవరూ దిగులుపడలేదు. ఎందుకంటే అప్పటికి రోడ్డు మీద ఎర్ర దీపమే లేదు.

అసలు లేదనడం పూర్తి నిజం కాదు. 1868 డిసెంబరులో లండన్ పార్లమెంటు భవనం దగ్గర జె.పి. నైట్ అనే రైల్వే ఇంజనీరు రైలు సిగ్నల్ లాంటి చేతుల స్తంభాన్ని నిలబెట్టాడు. రాత్రిపూట గ్యాస్‌తో వెలిగే ఎర్ర, ఆకుపచ్చ దీపాలు దానికి అదనం. 1869 జనవరిలో గ్యాస్ పేలి, దాన్ని తిప్పే పోలీసు గాయపడ్డాడు. ఆ ఆలోచన అంతటితో అటకెక్కింది. మళ్ళీ 1914 ఆగస్టు 5న క్లీవ్‌ల్యాండ్‌లో, యూక్లిడ్ అవెన్యూ, తూర్పు 105వ వీధి కలిసేచోట విద్యుత్ సిగ్నల్ వెలిగింది. మరుసటేడు డెట్రాయిట్‌లో స్టాప్ బోర్డు వచ్చింది. 1920లో అదే ఊళ్ళో విలియం పాట్స్ అనే పోలీసు అధికారి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ మూడింటినీ ఒక స్తంభానికి ఎక్కించాడు. డెట్రాయిట్ అంటే మోటారు కార్ల పుట్టిల్లు. సిగ్నల్ అక్కడ పెరిగిందంటే ఎవరికోసం పెరిగిందో వేరే చెప్పక్కర్లేదు.

ఎన్ని సెకన్లు ఆపాలి, పసుపు ఎంతసేపు వెలగాలి, ఒక కూడలి దాటిన బండికి పై కూడలిలో ఆకుపచ్చ ఎప్పుడు అందాలి అన్న లెక్కలన్నీ కారు వేగం మీద కట్టినవే. తరవాత సిగ్నల్‌కు కళ్ళు కూడా పెట్టారు. అమెరికా కూడళ్ళలో ఆగే గీతకు కాస్త వెనక, తారులో రంపంతో కోసి పూడ్చినట్టు సన్నని నల్ల గీతలతో ఒక దీర్ఘచతురస్రం కనిపిస్తుంది. ఆ గాడిలో తీగచుట్ట ఉంటుంది, అందులో కరెంటు పారుతుంటుంది. పైన ఇనుప బండి నిలిస్తే ఆ కరెంటులో తేడా వస్తుంది. బండి వచ్చిందని సిగ్నల్ పెట్టెకు కబురు అందుతుంది, ఆకుపచ్చ వెలుగుతుంది. టన్నున్నర బరువున్న కారైతే ఇబ్బంది లేదు. సైకిలులో ఆ తీగచుట్టకు అందేంత లోహం చాలాసార్లు ఉండదు. తెల్లవారుజామున పనికి పోయే సైకిలిస్టు అక్కడ ఎంతసేపు నిలబడ్డా దీపం రంగు మారదు. వెనక ఏదైనా కారు వస్తే తప్ప ఆయనకు మోక్షం లేదు. చక్రాన్ని సరిగ్గా ఆ నల్ల గీత మీద నిలబెడితే కొన్నిచోట్ల ఫలితముంటుందని అనుభవజ్ఞులు కొత్తవాళ్ళకు చెబుతుంటారు. చట్టం మాత్రం ఎర్ర దీపం ఉన్నంతసేపూ కదలకూడదనే అంటుంది. ఈ తిరకాసును సవరించడానికి 2002లో మిన్నెసోటా ఒక నియమం తెచ్చింది. పూర్తిగా ఆగి, తగినంతసేపు చూసి, సిగ్నల్ తమను గుర్తించడం లేదని తెలిశాక, అడ్డం లేకపోతే దాటవచ్చు. మోటారు సైకిళ్ళకు కూడా ఈ ఇబ్బంది ఉండటంతో చాలా రాష్ట్రాలు అదే బాట పట్టాయి.

ఇక్కడ ఇంకో చట్టం సంగతి చెప్పాలి. 1973లో చమురు సంక్షోభం వచ్చింది. ఎర్ర దీపం దగ్గర కార్లు ఊరికే ఇంజను తిప్పుకుంటూ నిలబడితే పెట్రోలు దండగ అని అమెరికాకు తోచింది. 1975 నాటి ఇంధన పొదుపు చట్టంలో, ఎర్ర దీపం ఉన్నా ఆగి చూసి కుడివైపుకు తిరగనిచ్చే రాష్ట్రాలకే కేంద్ర సాయమని మెలిక పెట్టారు. కుడిపక్కన నడిచే ఆ దేశంలో ఇది మన ఫ్రీ లెఫ్ట్ లాంటిది. 1980 జనవరి 1న మసాచుసెట్స్ కూడా ఒప్పుకోవడంతో దాదాపు దేశమంతా ఈ వెసులుబాటు వచ్చేసింది. న్యూయార్క్ నగరం మాత్రం ఇప్పటికీ ఒప్పుకోలేదు. కార్ల పెట్రోలు ఆదా చేయడానికి ఎర్ర దీపం ఐదేళ్ళలో మెత్తబడింది. అలా తిరిగే కార్ల కింద పాదచారులూ సైకిలిస్టులూ పడటం పెరిగిందని 1982లో ఒక పరిశోధన లెక్క తేల్చింది. అయినా ఆ చట్టాన్ని చాలాకాలం ఎవరూ వెనక్కి తీసుకోలేదు.

సైకిలు తొక్కేవాడికీ ఇంధనం ఖర్చవుతుంది. కాకపోతే అది ఒంట్లోది. గంటకు 16 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న మనిషి పూర్తిగా ఆగి, మళ్ళీ ఆ వేగం అందుకోవడానికి పెట్టే శక్తిలో నాలుగోవంతు, 8 కిలోమీటర్లకు తగ్గి సాగిపోతే మిగులుతుంది. ఒక్కసారైతే లెక్కలోకి రాదు. బర్క్‌లీలో భౌతికశాస్త్ర ఆచార్యుడు జోయెల్ ఫజాన్స్, మెలనీ కరీతో కలిసి 2001లో రాసిన వ్యాసంలో తమ ఊరి రెండు వీధులను పోల్చాడు. నగరం సైకిళ్ళకోసం ప్రత్యేకించిన కాలిఫోర్నియా వీధిలో 21 స్టాప్ బోర్డులున్నాయి. పక్కనే కార్లతో కిక్కిరిసే శాక్రమెంటో వీధిలో ఆ బెడద లేదు. అంతే శ్రమతో తొక్కినా మొదటి వీధిలో వేగం బాగా పడిపోతోందని ఆయన చూపించాడు. సైకిలుకని కేటాయించిన వీధే సైకిలును ఎక్కువ ఆపుతోంది. ప్లానింగు ఆఫీసులో పటం గీసినవాడు ఎప్పుడైనా ఆ వీధిలో పెడల్ తొక్కి ఉంటే ఆ బోర్డుల్లో సగం పెట్టేవాడు కాదు.

ఐడహో సంగతికి వస్తే, ఎర్ర దీపం విషయంలో మొదట ఇచ్చిన వదులును 2006లో బిగించారు. తిన్నగా వెళ్ళాలన్నా ఎడమకు తిరగాలన్నా ముందు పూర్తిగా ఆగాలి, ఆ తరవాతే దారి చూసుకుని కదలాలి. స్టాప్ బోర్డు దగ్గర పాత వెసులుబాటు అలాగే ఉంది. రెండు చోట్లా నడిచేవాళ్ళకు, అడ్డం వచ్చే బండికి దారి ఇవ్వాల్సిందే. ఇవ్వకుండా దూసుకుపోతే అది నేటికీ తప్పే. ‘ఐడహోలో సైకిళ్ళకు సిగ్నల్స్ వర్తించవు’ అని వినిపించే మాట వట్టి పుకారు.

ప్రమాదాలు పెరిగాయా? 2010లో జేసన్ మెగ్స్ అనే పరిశోధకుడు పాత లెక్కలు తవ్వితీసి, చట్టం వచ్చిన మరుసటి ఏడాది ఐడహోలో సైకిలిస్టుల గాయాలు 14.5 శాతం తగ్గాయని చూపించాడు. అది చట్టం పుణ్యమేనని ఒక్క ఏడాది అంకె పట్టుకుని వాదించడం తొందరపాటే. కానీ కొంపలు మునగలేదని చెప్పడానికి ఆ అంకె చాలు. అంత జరిగినా పక్క రాష్ట్రాలు కదలలేదు. ఐడహో తరవాత స్టాప్ బోర్డు సడలింపును రాష్ట్రవ్యాప్తంగా తెచ్చిన రాష్ట్రం డెలావేర్, అదీ 2017లో. మధ్యలో 35 ఏళ్ళు. డెలావేర్ పోలీసుల లెక్కల ప్రకారం, స్టాప్ బోర్డున్న కూడళ్ళలో సైకిలు ప్రమాదాలు చట్టానికి ముందు 30 నెలలతో పోలిస్తే తరవాతి 30 నెలల్లో 23 శాతం తగ్గాయి. ఆ తరవాత ఆర్కన్సా, ఓరెగన్, వాషింగ్టన్, యూటా, ఓక్లహామా, కొలరాడో, మిన్నెసోటా ఏదో ఒక రూపంలో దీన్ని తెచ్చుకున్నాయి. కాలిఫోర్నియాలో 2021లో చట్టసభ ఒప్పుకున్నా గవర్నర్ గవిన్ న్యూసమ్ వీటో చేశారు.

ఆ కాలిఫోర్నియాలోనే 2015 జులైలో జరిగిన నిరసన మాత్రం తలుచుకోదగ్గది. శాన్‌ఫ్రాన్సిస్కో కొండల ఊరు. నిట్టనిలువు వీధులు తప్పించుకుంటూ వంకరటింకరగా పోయే ఒక దారిని సైకిలిస్టులు ‘విగుల్’ అని పిలుచుకుంటారు. దాని పొడవునా స్టాప్ బోర్డులే. పూర్తిగా ఆగని సైకిలిస్టులకు ఇక చలానాలు తప్పవని అక్కడి పోలీసు స్టేషన్ కెప్టెన్ ప్రకటించారు. సరే, మీ మాట ప్రకారమే నడుస్తాం అన్నారు సైకిలిస్టులు. ఒక సాయంత్రం పెద్ద సంఖ్యలో పోగై, ఒకరి వెనక ఒకరు వరసగట్టారు. ముందున్న మనిషి బోర్డు దగ్గరికొచ్చి పూర్తిగా ఆగాలి, కాలు కింద పెట్టాలి, తన వంతు చూసుకుని కదలాలి. తరవాతి మనిషి ముందుకొచ్చి మళ్ళీ ఆగాలి. చట్టంలోని అక్షరం ఒక్కటీ తప్పలేదు. కొద్ది నిమిషాల్లోనే కూడలి స్తంభించింది, వెనక కార్లు బారులు తీరాయి, హారన్లు మోగాయి. సైకిళ్ళు చట్టం పాటించడం లేదని రోజూ విసుక్కునే కార్లవాళ్ళకు, పాటిస్తే ఎలా ఉంటుందో తెలిసొచ్చింది. ఆ డిసెంబరులో నగర పాలకమండలి ఐడహో తరహా తీర్మానం చేసింది. 2016 జనవరిలో మేయర్ ఎడ్ లీ దాన్ని వీటో చేశారు.

ఇలాంటి సడలింపుల విషయంలో సైకిలిస్టులందరూ ఒకే మాట మీద లేరు. 1970లలో జాన్ ఫారెస్టర్ అనే కాలిఫోర్నియా ఇంజనీరు, సైకిలు తొక్కేవాడు తనను డ్రైవరుగానే భావించుకోవాలనీ, ప్రత్యేక బాటలూ ప్రత్యేక నియమాలూ సైకిలును రోడ్డు మీద రెండో తరగతికి దించుతాయనీ గట్టిగా వాదించాడు. 1890లో టొపీకా తీర్పుకు సంబరపడినవాళ్ళ వారసుడు ఆయన. ఆ వాదనలో ఆత్మగౌరవం ఉంది, ఒప్పుకోవాలి. బడికి పోయే పన్నెండేళ్ళ పిల్ల మాత్రం దానిలో ఎక్కడా కనిపించదు. మరోపక్క చూపులేని పాదచారుల భయం కూడా కొట్టిపారేసేది కాదు. చప్పుడు లేకుండా వచ్చే సైకిలు ఆగిందో లేదో వాళ్ళకు చెవికి తెలియదు.

ఐరోపా ఈ గొడవను చాలావరకు బోర్డులతో తీర్చుకుంది. నెదర్లాండ్స్‌లో 1990 నాటి ట్రాఫిక్ నియమాల కాలం నుంచే కొన్ని సిగ్నళ్ళ దగ్గర సైకిళ్ళు ఎర్ర దీపమున్నా కుడికి తిరగవచ్చని బోర్డు ఉంటుంది. పారిస్ 2012లో కొన్ని కూడళ్ళలో ప్రయోగం మొదలుపెట్టి 2015లో నగరమంతా విస్తరించింది. సిగ్నల్ స్తంభానికి తలకిందుల త్రికోణం, అందులో పసుపు రంగు సైకిలు బొమ్మ, ఎటు పోవచ్చో చూపే బాణం. ఆ బొమ్మ లేనిచోట ఆగాల్సిందే.  జర్మనీలో ఎర్ర దీపం దాటిన సైకిలిస్టుకు 60 యూరోల జరిమానా. దీపం ఎర్రబడి ఒక సెకను దాటాక వెళ్తే 100 యూరోలు.

న్యూయార్క్ సరిగ్గా ఐడహోకు ఎదురుదిశలో నడిచింది. 2019లో అక్కడ పాదచారులకు ముందుగా వెలిగే గుర్తుతోపాటే సైకిళ్ళూ కదలవచ్చని నగర చట్టం వచ్చింది. ఆరేళ్ళు తిరిగేసరికి, 2025 ఏప్రిల్ 28 నుంచి, ఎర్ర దీపం దాటిన సైకిలిస్టులకు పోలీసులు మామూలు ట్రాఫిక్ చలానా బదులు క్రిమినల్ కోర్టు సమన్లు ఇవ్వడం మొదలుపెట్టారు. అదే తప్పు చేసిన కారు డ్రైవరుకు మాత్రం ట్రాఫిక్ చలానాయే. దెబ్బ ఎక్కువగా తగిలింది భోజనం పొట్లాలు చేరవేసే కుర్రాళ్ళకు. వాళ్ళలో చాలామంది వలస వచ్చినవాళ్ళు, కోర్టు మెట్లెక్కాలంటేనే హడలిపోయేవాళ్ళు. బియాంకీ కోర్టుల్లోంచి బయటికి పంపిన కాగితాన్ని నలభై మూడేళ్ళ తరవాత న్యూయార్క్ మళ్ళీ కోర్టుకు తెచ్చింది.

మన ఊళ్ళలో పోలీసు సైకిలును ఆపింది ఎర్ర దీపం కోసం కాదు. ఒకనాడు తెలుగు పట్టణాల్లో సైకిలిస్టు భయపడ్డ విషయాలు మూడే: రాత్రి దీపం లేకపోవడం, వెనక ఇంకొకర్ని ఎక్కించుకుని డబుల్స్ తొక్కడం, మున్సిపాలిటీకి ఆ ఏడు పన్ను కట్టి బిళ్ళ తగిలించుకోకపోవడం. 1888 నాటి ఇంగ్లండు చట్టంలోని దీపం, గంట ఇక్కడి సైకిలుకూ తగులుకున్నాయి. వెనక టైరుకు ఆనించే డైనమో కొనలేనివాళ్ళు ఒక చేత్తో టార్చి పట్టుకుని తొక్కేవాళ్ళు. దొరికితే చలానా రాయడం తక్కువ. కానిస్టేబులు వంగి వాల్వు విప్పి గాలి తీసేసేవాడు, అంతే శిక్ష. సైకిలు నడిపించుకుంటూ పంపు ఉన్న కొట్టు దాకా పోవాలి. ఏ చట్టంలోనూ లేని ఆ శిక్షకు ఎవరూ అప్పీలు చేసిన దాఖలా లేదు.

ఇప్పుడు చట్టం ఏమంటోంది? 1988 మోటారు వాహనాల చట్టంలో సిగ్నల్ పాటించాలని చెప్పే 119వ సెక్షన్ మోటారు వాహన డ్రైవరును ఉద్దేశించి రాసింది. సైకిలుకు మోటారు లేదు. కాబట్టి అది ఆ సెక్షన్ కిందికి రాదు. సైకిలిస్టును ఆపే అధికారం పోలీసు చట్టాల నుంచీ, కమిషనర్ల ఉత్తర్వుల నుంచీ వస్తుంది. నెంబరు ప్లేటు చదివి చలానా పంపే కెమెరాకు సైకిలు కనబడనే కనబడదు. ఇదేదో స్వేచ్ఛ అనుకుంటే పొరపాటు. సైకిలును లెక్కలోకి తీసుకోని చట్టం దాన్ని కాపాడే బాధ్యత కూడా తీసుకోదు. 2008లో 38 రోడ్ల మీద సైకిళ్ళను నిషేధించిన కోల్‌కతా పోలీసులు 2013కల్లా ఆ జాబితాను 174కు పెంచారు. వాహనాల వేగానికి సైకిళ్ళు అడ్డమన్నది కారణం. టొపీకా వంతెన మీది వాదన ఇంకో దేశంలో, ఇంకో శతాబ్దంలో మళ్ళీ తలెత్తింది.

హైదరాబాద్‌లో 2023 అక్టోబరు 1న ఔటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిలు బాట మొదలైంది. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీసు అకాడమీ దాకా ఒక పాయ, నార్సింగి నుంచి కొల్లూరు దాకా ఇంకొకటి, పైన సోలార్ పలకల కప్పు. మంచి పనే. అయితే అది ఒళ్ళు తేలికపడాలని తెల్లవారుజామున తొక్కేవాళ్ళ బాట. రాత్రి డ్యూటీ దిగి ఇంటికి పోయే వాచ్‌మన్, క్యారేజీ తగిలించుకుని బయల్దేరే తాపీ కూలీ దాటాల్సింది అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ సిగ్నళ్ళు. ఆకుపచ్చ పడగానే వెనకనుంచి బస్సు, ఎడమనుంచి ఫ్రీ లెఫ్ట్ కార్లు ఒక్కసారి మీదికొస్తాయి. వాళ్ళకు కావలసింది బస్సుల గీతకు ముందు సైకిళ్ళు నిలబడే నాలుగు గజాల చోటు, మిగతావాళ్ళకన్నా నాలుగు సెకన్ల ముందు ఆకుపచ్చ, ఫ్రీ లెఫ్ట్ తీసుకునే బండి ముందు సైకిలుకు దారివ్వాలన్న ఒక్క వాక్యం. దానికి పార్లమెంటు దాకా పోనక్కర్లేదు. రోడ్ల మీద రాకపోకలకు నియమాలు చేసే అధికారం హైదరాబాద్ పోలీసు కమిషనర్‌కు నిజాం కాలపు 1348 ఫసలీ నాటి నగర పోలీసు చట్టం కిందే ఉంది.